మౌనిక పాఠం ఎవరికి చెప్పాలి

అమ్మకు నీ కూతురు రాజేశ్వరి దండాలు పెట్టి రాస్తున్న ఉత్తరం. వెరావల్‌లో మేం ముగ్గురం బాగానే ఉన్నాం. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? అన్న, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. ఇది చదివి వినిపిస్తున్న వదినకు నమస్కారం. వదినా, ఒక్క మాట కూడా దాటేయకుండా చదువు.

ఫోన్‌లో చెప్పొచ్చు కదా అనుకుంటావు. నీ గొంతు వినగానే ‘బాగున్నానమ్మా’ అనేసి పెట్టేస్తున్నాను. అందుకే రాస్తున్నాను.

ఇక్కడ చలి తగ్గింది. మీ అల్లుడు బోటెక్కితే వారాల తరబడి రాడు. నేను పొద్దున పూట రొయ్యలు వొలిచే షెడ్డుకు వెళ్తున్నాను. బియ్యం మనవాళ్ళ కొట్లో దొరుకుతున్నాయి గాని, వండితే మన ఇంటి అన్నంలా ఉండదు. బెంగపడకు, కడుపు నిండా తింటున్నాం.

మౌనికను బడి మాన్పించిన సంగతి నీకు చెప్పలేదు. అక్కడ అంతా గుజరాతీ. టీచరు మంచావిడే. కానీ పిల్ల ఒక్క ముక్క అర్థం కాక, వెనక బల్ల మీద రోజంతా నోరు విప్పకుండా కూర్చునేది. చివరకు ఇంట్లో నాతో కూడా మాట్లాడడం తగ్గించేసింది. భయపడి మాన్పించాను. ఇప్పుడు నేనే చెబుతున్నాను.

మన ప్రభుత్వం వాళ్ళ తెలుగు పుస్తకాలు ఫోన్‌లో ఊరికే దొరుకుతాయి. ఇంట్లోనే చదివించే పాఠాలు ఒక కంపెనీవి కూడా ఉన్నాయి, వాటికి డబ్బు కట్టాలి. వాళ్ళు రంగు పుస్తకాలు పంపుతారు. వారానికోసారి ఒక మేడం ఫోన్ చేసి, పిల్లను పాఠం గురించి తెలుగులో అడుగుతుంది. మొదటి నెల ఊరికే ఇచ్చారు. ఆ నెల మౌనిక మళ్ళీ మాట్లాడిందమ్మా. గురువారం వస్తే తనే తల దువ్వుకుని ఫోన్ ముందు కూర్చునేది.

“డబ్బు కట్టి కొందామే. ఊరకే వచ్చిందాన్ని ఎవులు సదువుతారు?” అన్నాడు మీ అల్లుడు.

“నాను సదివిందంతా ఊరకే వచ్చిందే గదా?” అన్నాను.

“అందుకే రొయ్యలు ఒలుస్తన్నావు.”

నవ్వులాటకే అన్నాడు. నేను నవ్వలేకపోయాను.

ఎలా చూసినా ఆ డబ్బు మా వల్ల కాలేదు. నెల అయిపోయింది. ఆ తర్వాతి గురువారం కూడా ఫోన్ మోగింది. మౌనిక పరుగున తీసి, “మేడం, నాకు మూడో ఎక్కం వచ్చీసింది” అని మొదలుపెట్టింది. అవతల కంపెనీ మనిషి. “అమ్మకివ్వు పాపా” అన్నాడు. చేరతారా చేరరా అని అడగడానికి చేశాడు. పిల్ల ఫోన్ నా చేతిలో పెట్టి గోడ వైపు తిరిగి పడుకుంది.

వానాకాలం చేపల వేట ఆగినప్పుడు ఊరొస్తాం కదా. “అప్పటికీ ఇంటి సదువు సాగకపోతే పిల్లని మీ యమ్మ కాడ ఒగ్గేద్దాం. అక్కడ బడికి ఎల్తాది” అంటున్నాడు మీ అల్లుడు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. నీకు సంతోషమే అని కూడా తెలుసు. కానీ ఇక్కడ నాకు అది తప్ప ఎవరున్నారమ్మా?

ఊరికే వచ్చిన పుస్తకాలు మంచివే. బొమ్మలు పలక మీద గీసి చూపిస్తున్నాను, కథలు చదివిస్తున్నాను. రెండు లైన్లు చదివి ఆపేస్తుంది.

“సదివి ఎవులికి సెప్పాలమ్మా?”

“నాకు సెప్పు.”

“నీకు ముందే తెలుసు గదా.”

ఆ మాట విన్నాకే నీకు ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

కూరకు ఎండు నెత్తళ్ళు ఎవరైనా ఇటు వస్తే పంపించు. పెద్దమ్మకు, మావకు నా నమస్కారాలు చెప్పు. గంగమ్మ తల్లి దగ్గర మా పేరున దీపం పెట్టి, ముగ్గురినీ దీవించు.

ఒక్కటి అడుగుతాను. చేపలు అమ్ముకొచ్చి కాళ్ళు కడుక్కున్నాక, వారానికోసారి మౌనికకు ఫోన్ చెయ్యి. ‘ఏటి సదివినావే’ అని అడుగు. అది చెప్పేది నీకు నిజంగా తెలియదు కాబట్టి, నీకు చెబుతుంది. తప్పు చెప్పినా దిద్దడానికి నేనున్నాను. ‘తరవాతేటైంది’ అని మాత్రం అడుగుతూ ఉండు.

మన వీధిలో వేటకు బయల్దేరిన మనిషిని ఎవరూ ఏమీ అడగరు. నేను సంచి పట్టుకుని బడికి వెళ్తున్నప్పుడూ నువ్వు అలాగే మొహం తిప్పుకుని నిలబడేదానివి. ఇంటర్ పాసైన రోజున కూడా అన్నం పెట్టావు గాని ఒక్క మాట అడగలేదు. నా మంచికేనని తెలుసు, కోపం లేదు. అడిగితే ప్రయాణం ఆగిపోతుందంటారు కదా. నన్ను విడిచి నీ దగ్గరకు వచ్చే దీని ప్రయాణం ఆగాలనే అడగమంటున్నాను.

నీ కూతురు
రాజేశ్వరి