రోమ్‌కైతే దొరికిన పాస్‌పోర్టు

జూన్ 1984, గురువారం. సబా అల్ సలేం, కువైట్.

పిల్లల సెలవుల్లో అయిదు రోజులు రోమ్ వెళ్లి పాత కోటలు, ఫౌంటెన్లు చూసి రావాలని మేం 'మామా' అని పిలిచే మా యజమానురాలు నిర్ణయించింది. "నువ్వూ వస్తున్నావు. చంటిది నీ దగ్గరైతేనే నిద్రపోతుంది" అంటూ, వీసా కోసం బీరువా తెరిచి నా పాస్‌పోర్టు తీసింది. వెతకనైనా వెతకలేదు.

డ్రైవర్ మస్తాన్‌కు ఒకటే సంబరం. "రోమ్ అంటే మాటలా అక్కా! మన కడపోళ్లు ఎవురు చూసినారు సెప్పు?"

నవ్వలేకపోయాను. అమ్మకు బాగాలేదు, వెంటనే రమ్మని పోయినేడు టెలిగ్రాం వచ్చినప్పుడు, మామా ఇదే బీరువా ముందు నిలబడి "నీ పాస్‌పోర్టు కనిపించడం లేదు, దొరికితే పంపిస్తాను" అంది. అమ్మ పోయేదాకా దొరకలేదు.

ఇవాళ మామా చేతిలో, ఆ పాస్‌పోర్టులోని నా ఫోటో ఒక్క క్షణం కనిపించింది. భుజం మీదికి వేసుకున్న ఆ జడ, అమ్మ అల్లిందే.