ఆయన ముట్టని మీట

లైప్‌జిగ్, 3 మార్చి 1847

హాడ్రావా గారికి నమస్కారములు.

మీ ఇంటి మేడమీద మూడేళ్ళు అద్దెకుండి, నిరుడు చలికాలంలో కన్నుమూసిన అన్సెల్మ్ లోయ్‌బ్నర్ గారి పియానో రచనలను, జీవితచరిత్రతో సహా అచ్చువేస్తున్నాము. ఒక వింత కనబడింది. మీ ఇంట్లో రాసిన ముప్పయ్యొక్క రచనల్లోనూ కుడి చివర నుంచి పదిహేనో మీటను ఆయన ఒక్కసారైనా ముట్టలేదు. దాని అటూ ఇటూ ఉన్నవాటిని వందలసార్లు ముట్టారు. అది పోగొట్టుకున్న ప్రేయసి స్వరమని మా పండితులు తేల్చారు. ఆమె ఎవరో చెప్పగలరా?

విధేయుడు,
థియోబాల్డ్ క్రెచ్‌మార్, ప్రచురణకర్త

తా.క. మీట చెడిపోయి ఉండవచ్చని మా గుమాస్తా ఒకడు అన్నాడు. మందలించాము.

వియన్నా, 11 మార్చి

క్రెచ్‌మార్ గారికి వెన్జెల్ హాడ్రావా రాయునది.

నాకు అక్షరాలు అంతంతమాత్రం. పియానోలు చేయడం వచ్చు, నలభై ఆరేళ్ళుగా అదే పని. ఆ పియానో నేను చేసిందే. మా అన్సెల్ముకు ప్రేయసీ లేదు, గీయసీ లేదు. ఒకదానిమీద ఒకటి రెండు కోటులు తొడుక్కుని, దగ్గుతూ రాసుకునేవాడు. సూపులో ఉప్పు తగ్గితే వీధంతా వినబడేలా అరిచేవాడు. అంత నోరున్నవాడు మీట చెడితే ఊరుకుంటాడా? ప్రతి శనివారం శ్రుతి చేసి, "ఎట్లా ఉందిరా?" అని అడిగేవాణ్ని. "బ్రహ్మాండం, మేస్త్రీ" అనేవాడు.

ఇట్లు,
హాడ్రావా

తా.క. ఆ గుమాస్తాను ఇటు పంపండి. మందలింపు చాలదు.

లైప్‌జిగ్, 20 మార్చి

మహాశయా,

మీ ఉత్తరంతో అనుమానం తీరింది. మీట బాగున్నదంటే కారణం ప్రేమే. పత్రికలో ప్రకటించగానే ఆ ప్రేయసిని నేనే అంటూ ముగ్గురు వితంతువులు రాశారు. సమాధి మీద నిలపడానికి, పెదవి మీద వేలుంచుకున్న దేవదూతను శిల్పి చెక్కుతున్నాడు. ఆ మీట చక్కగా పలుకుతుందని మీరు ప్రమాణపత్రం పంపితే ముందుమాటలో వేస్తాము.

విధేయుడు,
క్రెచ్‌మార్

తా.క. నాలుగో ఆవిడ ఇప్పుడే వచ్చి కూర్చున్నారు. వితంతువు కాదు. భర్త కింద బండిలో ఎదురుచూస్తున్నాడు.

వియన్నా, 29 మార్చి

క్రెచ్‌మార్ గారికి,

ప్రమాణానికి సాక్షి ఉండాలని, పక్కవీధిలో పిల్లలకు పియానో నేర్పే రొజీనాను పిలిచాను. మీట నేనే నొక్కాను.

"విన్నావా? గంటలా లేదూ?"

"బల్లమీద గరిటె కొట్టినట్టుంది, మేస్త్రీ."

"సరిగ్గా విను."

"తాతా, మీకు వినబడుతోందా?"

వినబడింది. నలభై ఆరేళ్ళుగా వినబడుతున్నదే. మూత తీస్తే, తీగను కొట్టాల్సిన సుత్తి ఊడి అడుగున దుమ్ములో పడి ఉంది. తర్వాత రొజీనా నన్ను అటు తిరగమని, ఆ పక్క మీటలు ఒక్కొక్కటే నొక్కింది. ఎప్పుడు నొక్కిందో, ఎప్పుడు ఊరుకుందో చెప్పలేకపోయాను.

వాడికి తెలుసు. నా చెవి పోయిందని తెలిస్తే నేను పనిముట్లు అటకెక్కిస్తాననీ తెలుసు. ఉప్పుకు అరిచిన వెధవ దీనికి అరవలేదు. దాన్ని తప్పించుకుంటూ మూడేళ్ళు రాశాడు.

మీట చెడిందని, చేసినవాడికి చెవుడని నా పేరు పెట్టే వేయండి. ప్రేయసి కావాలంటే, ఆమెకు డెబ్బై నాలుగేళ్ళు, బట్టతల. దేవదూత వేలు మాత్రం పెదవి మీదే ఉండనివ్వండి. గుమాస్తాకు నా దండం చెప్పండి.

హాడ్రావా

తా.క. కొత్త సుత్తి తొడిగాను. పలుకుతోందని రొజీనా అంది. సరిచూద్దామని వాడి ముప్పయ్యొక్కటీ వాయించమన్నాను. ఒక్కదానికీ దాని అవసరం పడలేదు.