పలకని కీ

8 డిసెంబర్ 2006, శుక్రవారం. నాంపల్లి.

అబిడ్స్‌లో కొన్న సీడీల్లోని మూడు పియానోల శబ్దాలనూ కంప్యూటర్‌లోకి ఎక్కించి, దానికి కీబోర్డు తగిలించి, సాయంత్రం చర్చిలో పాటలు పాడే క్వాయర్‌కు వాయించి వినిపించాను. క్రిస్మస్‌కు మా పాత పియానో బదులు ఏదో ఒకటి తేల్చాలి.

మొదటిది గంభీరంగా ఉంది, కీర్తనలకు ఇదే అనుకున్నాను. క్వాయర్ నడిపే సరోజ ఆంటీ ముఖం చిట్లించింది. "ఏంది డేవిడ్, పెద్ద హోటల్ల కాఫీ తాగుతున్నట్టుంది. దీనికి మోకరిల్లబుద్ధి అయితదా?"

రెండోది పెళ్లి పాటలకు బాగుంటుంది, కీర్తనకు మరీ హుషారు. మూడోది మెత్తగా, అచ్చం మా పాతదానిలా ఉంది. అందరూ ఔనన్నారు. తీరా పాడబోతే, ప్రతి చరణంలోనూ 'హల్లెలూయ' ముందే తడబడ్డారు.

"నడుమల గా సప్పుడేంది? ఎన్నడూ రాలే గదా!" అంది ఆంటీ.

అప్పుడు వెలిగింది. పాత పియానోలో అక్కడ నొక్కాల్సిన కీ ఇరవై ఏళ్లుగా పలకదు. ఆ ఖాళీలోనే వీళ్లు ఊపిరి పీల్చుకోవడం నేర్చుకున్నారు. రోజూ వాయించే నేనే ఆ సంగతి మర్చిపోయాను!

ఇంటికొచ్చి మూడో పియానోలో ఆ ఒక్క కీ శబ్దం తీసేశాను. కొత్తవాళ్లెవరైనా వింటే కంప్యూటర్ పాడైందనుకుంటారేమో...

ఒకసారి వాయించి చూశాను. ఆ చోటికి రాగానే నేనూ ఊపిరి పీల్చుకున్నాను.