కొత్త మందులు లేవు

వదినా,

ఫోన్ ఎత్తవని తెలిసే ఉత్తరం రాస్తున్నాను. మీ అక్కయ్యగారు మూడుసార్లు "పడుకుంది" అన్నారు, నాలుగోసారి ఆ మాట కూడా అనకుండా పెట్టేశారు. ఆవిడ స్థానంలో నేనున్నా అంతే చేసేదాన్ని.

ముందు పని మాట. ఆ జుట్టు మాత్రలు ఈ పూట నుంచే ఆపెయ్. ఇందులో పెట్టిన రిపోర్టు తీసుకుని అక్కడ దగ్గర్లో ఏ డాక్టరుంటే ఆ డాక్టరుకి ఇవాళే చూపించు. థైరాయిడ్ మాత్ర ఎంత వేసుకోవాలో వాళ్ళు చెబుతారు. మిగతాది వెళ్ళొచ్చాక చదువు. ఎలాగూ నా గోడే.

మా డాక్టరమ్మ పరిశోధన సంగతి నీకు తెలియంది కాదు. అయినా మొదటినుంచీ చెప్పుకుంటూ వస్తేగానీ నా తప్పు ఎక్కడ మొదలైందో నాకే అంతు చిక్కదు. థైరాయిడ్ మందగించినవాళ్ళు మూడొందల పన్నెండు మంది, వాళ్ళలో నువ్వూ ఒకదానివి. సగం మంది మాత్ర పొద్దున్నే పరగడుపున వేసుకోవాలి, సగం మంది పడుకోబోయే ముందు. ఏది మేలో రెండేళ్ళపాటు చూడాలి. ఆరు వారాలకోసారి రక్తం తీస్తాం. టీఎస్‌హెచ్ అనే అంకె పెరిగితే మందు చాలడం లేదని, బాగా పడిపోతే ఎక్కువైందని అర్థం. డోసు మార్చే డాక్టరుకి ఆ అంకె ఒక్కటే కనిపిస్తుంది, మనిషి కనిపించదు. ఎవరు ఏ జట్టులో ఉన్నారో ఆయనకి తెలియకూడదని అలా ఏర్పాటు చేశారు. మనిషిని చూడాల్సిన పని నర్సుది, అంటే నాది. రక్తం తీసేముందు ప్రతివాళ్ళనీ ఒక ప్రశ్న అడగాలి: ఈ నెలన్నరలో కొత్తగా ఏమైనా మందులు వాడారా అని. లేదంటే "కొత్త మందులు లేవు" అన్న గడిలో టిక్కు పెట్టాలి.

నా చేతికిందికి వచ్చిన అందరినీ అడిగాను వదినా. నిన్ను అడగలేదు. ఒకే ఇంట్లో ఉంటాం, నీ సంగతి నాకు తెలియనిదేముంది అనుకుని నువ్వొచ్చి కుర్చీలో కూర్చునేలోపే టిక్కు పెట్టేసేదాన్ని. నువ్వు ఆ జుట్టు మాత్రలు మొదలెట్టాక అలా నాలుగుసార్లు. అసలు ఆ మాత్రలు నీకు తెచ్చిచ్చిందే నేను. దువ్వెన నిండా జుట్టుతో నువ్వు గుమ్మంలో నిలబడితే జాలేసి, డ్యూటీ నుంచి వస్తూ షాపులో కొనుక్కొచ్చాను. విటమినేగా, మందెలా అవుతుంది అని నీతో కూడా అన్నాను.

ఆ మాత్రల్లో బయోటిన్ అనే విటమిను చాలా ఎక్కువగా ఉంటుందట. ఒంటికేమీ చెయ్యదు, కానీ మా ల్యాబులో ఉన్నటువంటి యంత్రాన్ని తప్పుదారి పట్టిస్తుంది. నీకు మందు చాలకపోయినా మరీ ఎక్కువైపోయినట్టు అంకె వచ్చేది. దాన్ని చూసి ఆ డోసు మార్చే డాక్టరు నీ మాత్ర నూరు మైక్రోగ్రాముల నుంచి డెబ్భై అయిదుకి, అక్కణ్ణించి యాభైకి దించేశాడు. మందు తగ్గేకొద్దీ నీ జుట్టు మరింత ఊడింది. జుట్టు ఊడేకొద్దీ నువ్వు ఆ మాత్రలు రోజుకి రెండేసి వేసుకున్నావు. నేనే రెండో సీసా తెచ్చాను.

పోయిన వారం మా యంత్రం మొరాయించింది. నువ్వు ఇల్లు వదిలి వెళ్ళే ముందురోజు ఇచ్చిన రక్తాన్ని బయటి ల్యాబుకి పంపాల్సి వచ్చింది. మా యంత్రం ఈమధ్య నీకెప్పుడూ సున్నా పాయింటు రెండు చూపించేది. వాళ్ళది నలభై ఒకటి చూపించింది. నాలుగు దాటితేనే ఎక్కువ అంటాం. మా ల్యాబాయన కాగితం నా చేతిలో పెట్టి, "మీ వదినగారు జుట్టుకేమైనా వాడుతున్నారా సిస్టర్?" అని మెల్లిగా అడిగాడు.

ఆ ఆదివారం భోజనాల దగ్గర జరిగింది నువ్వు మర్చిపోయి ఉండవు. బయట ఎండ మండిపోతుంటే నువ్వు దుప్పటి కప్పుకుని కూర్చున్నావు. చలేస్తోందన్నావు. అన్నయ్య నవ్వాడు. నేను బ్యాగులోంచి నీ రిపోర్టు తీసి అందరి ముందూ చదివాను. ఒక రోగి రిపోర్టు ఇంకొకరి ముందు చదవకూడదని కొత్తగా వచ్చే నర్సులకి పాఠం చెప్పేదాన్ని నేనే. "ఒంటికి మందు ఎక్కువే పడుతోంది, చలి ఎలా వేస్తుంది వదినా, అంతా నీ మనసులోనే ఉంది" అన్నాను. "ఇంకేం, బద్ధకమన్నమాట" అంది అమ్మ. ఆ రోజునుంచి ఇంట్లో నీ మాటకి విలువ లేకుండా పోయింది. నువ్వు కుట్టే యూనిఫారాలు ఆలస్యమయ్యాయని బడివాళ్ళు ఇంటికొస్తే అన్నయ్య వాళ్ళ ముందే నిన్ను నత్త అన్నాడు. నువ్వు కుట్టుమిషనుకి మూత పెట్టి, బట్టలు సర్దుకున్నావు. నేను గదిలోంచి బయటికి రాలేదు.

ఇంకో మాట, ఇది రాయడానికి నా చెయ్యి రావడం లేదు. ఇందులో ఇంకో కాగితం కూడా ఉంది. "వ్యక్తిగత కారణాలవల్ల పరిశోధన నుంచి తప్పుకుంటున్నాను" అని ఉంటుంది. దాని మీద సంతకం పెట్టి పంపు, నీ అంకెలు లెక్కలోంచి తీసేస్తారు, నీ ఫైలు ఎవరూ తెరవరు. వచ్చే నెలలో అంకెలన్నీ పైకి పంపేస్తారు. నా టిక్కుల సంగతి బయటపడితే నా ఉద్యోగం ఉండదు, డాక్టరమ్మ రెండేళ్ళ కష్టానికి మచ్చ వస్తుంది. నీ మందు సరిపడితే ఇక దీన్ని తవ్వడం వల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు కదా. సిగ్గు లేకుండా అడుగుతున్నాను.

నీ సూదిపిల్ల

---

సూదిపిల్లా,

నీ ఉత్తరం నేను చదవలేకపోయాను. రెండో పేరాకొచ్చేసరికి మొదటిది మర్చిపోతున్నాను. అందుకని అక్క చదివి వినిపించింది. ఆవిడ నిన్ను ఏమందో ఇక్కడ రాయను, కాగితం పాడవుతుంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన నా మొహం చూసి, గొంతు విని, రిపోర్టు తరవాత చూశాడు. మాత్ర మళ్ళీ నూరు చేశాడు. పది రోజులైంది. నిన్న సూదిలోకి దారం రెండోసారికే ఎక్కించాను. నీకిది చెప్పాలనిపించింది, ఎందుకో మరి. మన ఇద్దరివీ సూదుల బతుకులే కదా అని నువ్వన్నప్పుడే నీకు సూదిపిల్ల అని పేరు పెట్టాను. ఇంత జరిగాక కూడా నోటికి అదే వస్తోంది.

కోపం ఉందా అంటే, ఉంది. మాత్రలు తెచ్చినందుకు లేదు. నా జుట్టు చూసి జాలిపడింది ఆ ఇంట్లో నువ్వొక్కదానివే. ఆ ఆదివారం నువ్వు నా పక్క కుర్చీలోనే కూర్చున్నావు. చెయ్యి చాపితే నా చెయ్యి అందుతుంది. అది మంచుగడ్డలా ఉంది. నర్సువి, ఒక్కసారి పట్టుకు చూస్తే తెలిసేది. నువ్వు బ్యాగు అందుకున్నావు. నిజంగానే నాకు చలి వేయడం లేదేమో, అంతా నా మనసులోనే ఉందేమో అని నేను కూడా నమ్మేశాను. నా ఒంటి మాట నేనే నమ్మకుండా చేశావు. దానికి నీ మీద కోపం ఇప్పట్లో పోదు.

సంతకం పెట్టను. నీ కాగితం నీకే తిప్పి పంపుతున్నాను.

ఎవరికీ ఒరిగేదేమీ లేదని రాశావు. రక్తం ఇచ్చే రోజున హాల్లో నా పక్కన కూర్చునే బడి టీచరమ్మ, లాండ్రీ ఆవిడ గుర్తున్నారా? అక్కడ మాకు జుట్టు తప్ప వేరే కబుర్లుండవు. ఆ సీసా వాళ్ళకి నేనే చూపించాను. "మా ఆడపడుచు తెచ్చింది, ఆ లోపల ఉండే సిస్టరే" అని గొప్పగా చెప్పాను. నీ మాట మీద నమ్మకంతో వాళ్ళు కొనుక్కున్నారు. లోపల అడిగితే చెప్పాలా అని టీచరమ్మ అడిగింది. "విటమినే, మందు కాదు, సిస్టరే అంది" అన్నాను.

పోయినసారికి ముందు ఆ టీచరమ్మ హాజరు పిలుస్తూ పిల్లల పేర్లు మర్చిపోతున్నానని చెప్పి ఏడ్చింది. ఇంట్లోవాళ్ళు వయసు అంటున్నారట. పోయినసారి ఆవిడ నాకంటే ముందే వచ్చి రక్తం ఇచ్చేసింది, అప్పటికి మీ యంత్రం బాగానే ఉంది. నాకైతే అది చెడి కలిసొచ్చింది. ఆవిడకి ఏం చెడితే కలిసొస్తుంది?

డాక్టరమ్మకి చెప్పు. నువ్వు చెప్పకపోతే నేనొచ్చి చెబుతాను. నాకు ఓపిక లేదు, కాబట్టి నువ్వే చెబితే మంచిది.

వదిన

---

వదినా,

చెప్పాను. నీ ఉత్తరం మధ్యాహ్నం అందింది, సాయంత్రం రోగులు వెళ్ళాక డాక్టరమ్మ గదిలోకి వెళ్ళి తలుపు వేశాను. నీ ఫైలు, సీసా, సంతకం లేని ఆ కాగితం బల్లమీద పెట్టి మొత్తం చెప్పాను. ఆ కాగితం దాచేద్దామని మెట్లమీద ఒకసారి అనిపించింది. అది కూడా చెప్పాను.

ఆవిడ కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకుంది. తిడుతుందని చూస్తున్నాను. "ముందు ఆ టీచరమ్మకి ఫోన్ చెయ్యి. నిన్ను తిట్టడానికి నాకు బోలెడు టైముంది" అంది. మా వదిన పేరు లెక్కలోంచి తీసేస్తారా అని అడిగితే నన్ను ఎగాదిగా చూసి, "ఆవిడ గురించే మొదట రాస్తాం" అంది.

టీచరమ్మ మర్నాడు వచ్చింది. మాత్రలు ఆపించి, నాలుగు రోజులాగి మళ్ళీ రక్తం తీయించాం. అరవై రెండు వదినా. ఆవిడ కాగితం పట్టుకుని, "అయితే ఇది వయసు కాదన్నమాట" అని నవ్వింది, ఆ వెంటనే మొహం చేతుల్లో దాచుకుంది. మా తప్పు ఆవిడకి వివరంగా చెప్పాం. లాండ్రీ ఆవిడ కొనుక్కుంది గానీ వారంలోనే మానేసిందట. ఆవిడకేం కాలేదు.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. డాక్టరమ్మ మూడొందల పన్నెండు మందినీ మళ్ళీ పిలిపించింది. ఈసారి మందుల మాట ఎత్తలేదు. జుట్టుకి, గోళ్ళకి, చర్మానికి ఏం వాడుతున్నారు, సీసాలన్నీ సంచిలో వేసుకుని రండి అంది. పంతొమ్మిది మంది సంచుల్లో అదే విటమిను ఉంది. మన ఇంటితో ఏ సంబంధం లేనివాళ్ళు, ఎవరికి వాళ్ళే కొనుక్కున్నవాళ్ళు. వాళ్ళందరినీ ఆ ప్రశ్న అడిగే టిక్కు పెట్టాం. మేం మందులు అని అడిగితే వాళ్ళు లేవన్నారు, నిజమే చెప్పారు. పరిశోధన ఫలితాలు ఆరు నెలలు వెనక్కి పోయాయి. నువ్వు ఆ సంతకం పెట్టి ఉంటే అనుకున్న నెలకల్లా అన్నీ బయటికి వెళ్ళిపోయేవి. ఆ పంతొమ్మిది మందికీ ఎవరో ఒకరు బద్ధకమనో వయసనో పేరు పెట్టి ఊరుకునేవాళ్ళు.

నన్ను పరిశోధన నుంచి తీసేశారు. ఉద్యోగం ఉంది, డ్రెస్సింగుల వార్డులో వేశారు. హెచ్చరిక కాగితం ఇచ్చారు. న్యాయమే.

మొన్న ఆదివారం భోజనాల దగ్గర మళ్ళీ ఒక కాగితం చదివాను. ఈసారి నా హెచ్చరిక కాగితం. మొదటినుంచి చివరిదాకా, నా టిక్కులతో సహా. అమ్మ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "నేనేమన్నానే ఆ పిల్లని" అంది, తనలో తను. అన్నయ్య లేచి వెళ్ళి నీ మిషను మూత తీశాడు. దుమ్ము తుడిచి, నూనె వేసి, దాని ముందే కూర్చుండిపోయాడు. నిన్ను తీసుకొస్తానంటున్నాడు. ముందు వెళ్ళి క్షమించమని అడుగు, రావడం సంగతి తన ఇష్టం అన్నాను. నువ్వు రమ్మంటే వస్తాడు, వద్దంటే ఊరుకుంటాడు. ఆ విషయంలో నేను మాత్రం నీ పక్షమే.

వచ్చే నెల మొదటి సోమవారం పొద్దున ఎనిమిదింటికి నీ రక్తపరీక్ష. పెద్ద సిస్టరు తీస్తుంది. నిన్ను కూడా అందరితోపాటే అడుగుతుంది, సంచి తెచ్చుకో. నేను ఆ రోజు సెలవు పెట్టాను. హాల్లో మీరంతా కూర్చునే బెంచీ మీదే ఉంటాను. నువ్వు నా పక్కన కూర్చోకపోయినా ఏమీ అనుకోను. కూర్చుంటే మాత్రం ముందు నీ చెయ్యి ఇవ్వు. చల్లగా ఉందో లేదో నువ్వే చెప్పు, నేను నమ్ముతాను. అంకె తరవాత చూద్దాం.

నీ ఆడపడుచు