ఫోన్ ముందు చాయ్

ఆదివారం రాత్రి

ఈ రోజు దిల్‌సుఖ్‌నగర్‌లో అక్క వాళ్లింటికి వెళ్లేసరికి బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫోన్ ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. వీడియో కాల్‌లో సూటువాడొకడు తాను ఢిల్లీ దర్యాప్తు ఆఫీసరునని, గది దాటితే అరెస్టేనని బెదిరిస్తున్నాడు. ఫోన్ ముందు చాయ్ కప్పు పెట్టి ఉంది, ఆఫీసరుకు మర్యాదగా.

నేను కాల్ కట్ చేశాను.

"ఎంత పని చేసినవ్‌రా! ఢిల్లీ ఆఫీసర్లు అబద్ధమాడరు. మనిద్దరం గా ఆఫీసర్ల సినిమా చూడలే?" అన్నాడు బావ.

చూశాం, చిన్నప్పుడు, నల్లగొండలో. అందులో వాళ్లు లంచం ముట్టరు, అమాయకుణ్ణి ఏడిపించరు. నేనూ నమ్మాను.

"గా సినిమాల ఆఫీసరు ఇంటికొచ్చి తలుపు కొట్టిండు బావా. గీడు ఫోన్ల మొఖం చూపెట్టి బ్యాంకు నంబరు అడుగుతుండు."

బావ తల దించుకున్నాడు. నంబరు అప్పటికే చెప్పేశాడట.

బ్యాంకుకు ఫోన్ చేసి ఖాతా ఆపించాను. బావ ఫోన్ నా దగ్గరే ఉంది, మోగుతూనే ఉంది. పొద్దున్నే ఆయన్ని ఎల్బీ నగర్‌లో పోలీసుల దగ్గరకు తీసుకెళ్తాను. అక్కడ సూటు ఎవరూ వేసుకోరు. ఫిర్యాదు రాసుకునేదాకా ఎంతసేపైనా కూర్చుంటాం.