తక్కెడ ముందు చెప్పులు

చిరంజీవి మైత్రికి,

రాయపురం నుంచి నీ అమ్మమ్మ దీవించి రాయిస్తున్నది. పై వాటాలో అద్దెకుండే కావలి ఊరి శంకర్ రాస్తున్నాడు. ‘ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీ క్షేమం తెలుపగలరు’ అని నన్నడగకుండానే మొదటి వాక్యం రాసేశాడు. కొట్టేయమన్నాను. నేను బాగానే ఉన్నాను, మీ మామ బాగానే ఉన్నాడు, అంగడి దగ్గర పిల్లి కూడా బాగానే ఉంది. అంగడిలో నా పక్కన పనిచేసే పొన్నుతాయి బాగా లేదు. అందుకే ఈ ఉత్తరం.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్లో నేను రెండు మాటలు అనేలోగా నువ్వు నాలుగంటావు, ఆ తర్వాత ఏడుస్తావు. కాగితం అడ్డం రాదు. పైగా నీ చెప్పుల కంపెనీ తరఫున ఈ ఊళ్లో తిరిగే ఆనందన్, ఏం చెప్పుకోవాలన్నా రాసి పంపమన్నాడు. ఇదిగో పంపుతున్నాను. నువ్వు చదువుకొని, నీ పై అధికారికి కూడా చదివి వినిపించు. తిట్లు వచ్చినచోట గొంతు తగ్గించకు.

ముందు, నువ్వు నాకు పంపిన చెప్పుల పెట్టెలో పెట్టిన కాగితానికి జవాబులు. మాత్రలు వేసుకుంటున్నాను. కాఫీలో చక్కెర మానేశాను. శంకర్ నవ్వుతున్నాడు, సరే, తగ్గించాను. చెప్పులు బిగుతుగా లేవు, మెత్తగా ఉన్నాయి. వాటిలో ఏముందో నువ్వు చెప్పింది మరచిపోలేదు. ఒత్తిడి పడితే సన్నటి కరెంటు పుట్టించే పొర ఒకటి, వేడి తగిలితే గుణం మార్చుకునే దారం ఒకటి. చక్కెర జబ్బు ముదిరితే పాదానికి స్పర్శ పోతుంది, మేకు దిగినా తెలియదు. ఒక కాలి కన్నా రెండో కాలు వేడెక్కితే అక్కడ పుండు లేస్తున్నట్టు. మనిషికి తెలియనిది చెప్పుకు తెలుస్తుంది, చెప్పు నీ ఫోనుకు చెబుతుంది. అంతే కదా? నాకు చదువు లేదు గానీ చెవులున్నాయి.

ఇక నా గోడు విను.

పోయిన వారం ఆనందన్ ఒక నర్సమ్మను వెంటబెట్టుకొని చేపల అంగడికి వచ్చాడు. నేను వంజరం చేప కోస్తున్నాను. ఇక్కడి అరవంలో అవ్వను పాటీ అంటారు కదా, అట్లాగే పిలిచాడు.

“పాటీ, నీ ఎడమ కాలు కాలిపోతా ఉండాదని హైదరాబాదు నుంచి ఫోన్. కాలు చూపించు.”

“బేరాల టైములో కాళ్లేందయ్యా? చేప కావాల్నా?”

నర్సమ్మ నా పాదాలు రెండూ తిప్పి తిప్పి చూసింది. వేడి లేదు, వాపు లేదు, పుండు లేదు. ఆనందన్ బేరగాళ్లందరి ముందూ నవ్వాడు.

“చెప్పుల్ని నీళ్లల్లో నానేసినావా పాటీ? పెద్దోళ్లకి ఇట్లాంటివి ఇచ్చేదే తప్పు. యాడుండాయి? ఎత్తుకొని పోతా.”

చేతిలో ఉన్న కత్తి చేపలు కోయడానికేనని నాకు నేనే చెప్పుకోవాల్సి వచ్చింది.

“తడికి వాటికేం కాదని నా మనవరాలు చెప్పింది. అవి నా కాళ్లకు లేవు. పొన్నుతాయి కాళ్లకుండాయి” అన్నాను.

అవును మైత్రీ, అవి నేను వేసుకోవడం లేదు. తక్కెడ ముందు చెప్పులతో కూర్చుంటే లక్ష్మి నిలవదని మా అత్త పోయేదాకా చెప్పింది. ఆ తక్కెడ ఆమెదే. ఇంటి నుంచి అంగడి దాకా వేసుకొని, అక్కడ విడిచి గోడ పక్కన పెడతాను. నా పక్కనే పొన్నుతాయి తెగిన రబ్బరు చెప్పులతో ఐసు పెట్టెలు మోస్తూ చల్లనీళ్లల్లో తిరుగుతుంటే, “ఊరికే పడుండాయి గదే, తగిలించుకో” అన్నాను. “ఇవి చెప్పులాక్కా, దూది మూటలా?” అని మురిసిపోయింది. సాయంత్రం దాకా దాని కాళ్లకే. నీ ఫోనులో అమ్మమ్మ నడక చూసి, ఈ వయసులో ఎంత చురుకు అని ఆఫీసంతా చూపించావే, ఆ నడక పొన్నుతాయిది. నువ్వు మెచ్చుకుంటుంటే నేను ఊఁ కొట్టాను.

దాన్ని పిలిచి ఎడమ కాలు చూపించమన్నాను.

“ఎందుకక్కా? నాకేం నొప్పి లేదే!”

చెప్పు విప్పింది. బొటనవేలి కింద రొయ్య కొమ్ము విరిగి లోపలే ఉండిపోయింది. చుట్టూ నల్లబడి చీము పట్టింది. ఎప్పుడు గుచ్చుకుందో దానికే తెలియదు.

“వాసన వస్తా ఉంటే చేపలదనుకున్నానక్కా” అంది.

ఆనందన్ నవ్వు ఆగింది. నర్సమ్మే ఆటో పిలిచింది. పెద్దాసుపత్రిలో కోసి శుభ్రం చేశారు. రక్తం చూస్తే చక్కెర. ఇన్నేళ్లలో ఎవరూ దాన్ని చూపించుకోమనలేదు, నాతో సహా. వేలు ఉంటుందా పోతుందా అంటే ఇప్పటికీ చెప్పడం లేదు. కాలు కింద పెట్టకూడదట. నా ఇంట్లోనే పడుకోబెట్టాను.

ఇంత జరిగాక ఆనందన్ ఫోన్ చేసి ఏమన్నాడో తెలుసా? “చెప్పులు నీ పేరు మీద ఇచ్చినాం పాటీ. ఆమె కాలు మా లెక్కలోకి రాదు. చెప్పు చెప్పినదంతా చెరిపేస్తాం. చెప్పులు వెనక్కి ఇచ్చెయ్.”

లెక్కలోకి రాదా? మీ చెప్పులు ఇక్కడ కనిపెట్టిన పుండు ఒక్కటే, అది పొన్నుతాయిది. దాన్ని చెరిపేసి, ముసలిది చెప్పులు పాడుచేసిందని రాసుకుంటారా? ఆ దారానికి ఎవరి పేరూ తెలియదు. వేడి తగిలింది, చెప్పింది. నిజం చెప్పినదాని నోరు మూస్తారా? వాడన్నాడంటే పోనీ, పరాయివాడు. “ఇచ్చెయ్ అమ్మమ్మా, నాకు మాట వస్తుంది” అని నువ్వు కూడా ఫోనులో మాట పంపావే! నీకు మాట వస్తుందా? దానికి కాలు పోతుందే! రాత్రీ పగలూ కూర్చొని నువ్వు నేయించిన గుడ్డ ఒక మనిషిని కాపాడితే, అది తప్పు లెక్క అంటుంటే తల ఊపుతావా? నిన్ను ఇందుకా చదివించింది మీ అమ్మ?

ఇంకొక మాట. ఇది చెప్పడానికి నాకు ఇంతసేపు పట్టింది. శంకర్ రెండుసార్లు కలం పక్కన పెట్టాడు.

ఆ రోజు నర్సమ్మ నన్ను కళ్లు మూసుకోమని, సన్నటి నైలాను దారంతో పాదాల మీద అక్కడక్కడా పొడిచింది. “తెలుస్తా ఉందా పాటీ?” అంది. “తెలవకేం, చక్కిలిగిలి పెడతా ఉండావే!” అన్నాను. రెప్పల సందులోంచి చూసి చెప్పాను మైత్రీ. నాకేమీ తెలియలేదు. ఎడమ కాలికీ తెలియలేదు, కుడి కాలికీ తెలియలేదు. నిజం చెబితే మీ అమ్మ వచ్చి అంగడి మూయించి నన్ను హైదరాబాదు లాక్కుపోతుందని భయపడ్డాను. ఆనందన్‌ను ఇంత తిట్టినదాన్ని, నా కాళ్ల నోరు నేనే మూస్తే ఏం న్యాయం?

అందుకని ఈ జత నేను వెనక్కి ఇవ్వను. రేపటి నుంచి నేనే వేసుకుంటాను, తక్కెడ ముందే. ఇంకొక జత పొన్నుతాయి పేరు మీద పంపించు. దాని పాదం నా పాదం కన్నా వెడల్పు. కట్టు విప్పేలోగా రావాలి.

మా అత్తకు ఏం చెప్పుకోవాలో నేను చూసుకుంటాను. నీ పై అధికారికి ఏం చెప్పాలో నువ్వు చూసుకో.

ఇట్లు,
ఇంకా కోపం తగ్గని నీ అమ్మమ్మ,
కోకిలమ్మ వేలిముద్ర