పసుపునీళ్లు పడిన ఎరువు బస్తా

నవంబరు 3, సోమవారం

అక్కా, ముందే చెబుతున్నాను, నా రాత చూసి నవ్వకు. ఒత్తులు తప్పుతాయి, వరసలు కొండెక్కుతాయి. ఐదో తరగతితో ఆగిన చెయ్యి, మన్నించు. ఏ రోజుది ఆ రోజు రాసి, అన్నీ కలిపి పంపుతాను.

వార్త! మీ మరిదిని మురుగునీళ్లు శుభ్రం చేసే ప్లాంటుకు మార్చారని చెప్పాను కదా. అక్కడ అడుగున మిగిలే మడ్డిని ఎరువు చేస్తున్నారు. బాగా వేడెక్కించి, మాగబెట్టి, పరీక్ష చేయించాకే బస్తాలకు ఎత్తుతారట. పూలమొక్కలకు ఇస్తామంటే మా క్వార్టర్లున్న ఈ న్యూ సెటిల్‌మెంటులో ఒక్కరూ ముందుకు రాలేదు. "మా ఇంట్లో పెడతాను సార్" అని ఈయన చెయ్యెత్తారు. రెండు బస్తాలు వచ్చాయి. ఇరవై రెండున పెద్దసారు చూడ్డానికి వస్తారు. బాగుంటే ఇంటింటికీ ఇస్తారు. కంపు కొట్టిందా, ఎరువు పని మూసేసి మడ్డిని మళ్లీ ఊరి బయట పారబోస్తారు. చెయ్యెత్తినందుకు ఈయనను ప్లాంటంతా ఆటపట్టిస్తోంది.

"నాకు షిఫ్టులు. చూసుకోవాల్సింది నువ్వే," అన్నారు. "ఎవరైనా తప్పు చేస్తే గట్టిగా చెప్పాల."

నేను! గట్టిగా! పాలవాడు నీళ్లపాలు పోస్తే "ఠీక్ హై దాదా" అనే నేను!

ఆయన చెప్పినవి:
బస్తాలు ఇటుకల మీద, నీడలో.
తడి తగలకూడదు. తడిస్తే క్రిములు మళ్లీ పుట్టుకొస్తాయి.
పైన పట్టా కప్పాలి, గాలి ఆడాలి.
గ్లౌజులు. తర్వాత సబ్బు.
పెరటి చెప్పులు వంటింట్లోకి రాకూడదు.
పూలకే. పచ్చిగా తినే ఆకులకు వద్దు.

అన్నీ చేస్తాను. ఒక్కటీ తప్పను. దేవుడి మీద ఒట్టు!

నవంబరు 4

అద్భుతం! గ్లౌజులు గులాబీ రంగువి, రెండు జతలు. ఎరువు నల్లగా, పొడిగా, తొలకరి మట్టి వాసన. బంతి నారు నాటాను. చేతులు ఎంతసేపు కడిగానంటే అత్తయ్య వచ్చి చూశారు.

"ఏటే మైథిలీ, చేతులు కడుగుతున్నావా, సబ్బు కడుగుతున్నావా?"

నవ్వాను. ఇది ఇంత సులువా?

నవంబరు 5, కార్తీక పౌర్ణమి

తెల్లవారే అత్తయ్య తలస్నానం చేసి పసుపునీళ్ల చెంబుతో బయల్దేరారు. గడప మీద చల్లారు. తులసి దగ్గర చల్లారు. నేరుగా వెళ్లి పట్టా ఎత్తి, బస్తాల మీద కూడా చల్లారు!

"పుట్టుక ఏదైతేనేటి? పసుపు పడితే మైల పోతాది," అన్నారు.

తడపకూడదు అత్తయ్యా, అనాలి. పట్టా మళ్లీ కప్పి ఊరుకున్నాను. పండగపూట పెద్దావిడను ఏమంటాం? పిడికెడు నీళ్లు. ఎండకు ఆరిపోతాయిలే.

నవంబరు 8

పిడికెడు కాదు, రోజూ చెంబుడు. కార్తీకం కదా.

పక్క క్వార్టరు దాలమ్మ గారు గ్లౌజులు అడిగారు. మాగుర్ చేప కడుగుతుంటే ముల్లు గుచ్చుకుంటుందట. లేవనలేకపోయాను. వాడని జతే ఇచ్చాను, ఆ మాత్రం తెలివుంది. సాయంత్రం నా జత ఇటుక అంచుకు తగిలి చిరిగింది.

కొత్తవి తెమ్మని ఈయనకు చెప్పాలి. డ్యూటీ నుంచి అలసి వచ్చారు. రేపు చెబుతా.

నవంబరు 11

చెప్పలేదు. చేతికి క్యారీబ్యాగు కట్టుకున్నాను. అదీ గ్లౌజే!

వాసన మొదలైంది. తొలకరి వాసన కాదు. అత్తయ్య ముక్కు ఎగరేసి, "మైల ఇంకా పోలేదే," అని రెండో చెంబు తెచ్చారు. నీళ్లు పడేకొద్దీ కంపు, కంపు పెరిగేకొద్దీ నీళ్లు. ఇవాళ బస్తాలో మల్లె వాసన ఊదుబత్తులు కూడా గుచ్చారు. అక్కా, మురుగూ మల్లెపూవూ కలిస్తే ఎలా ఉంటుందో నీకు రాసి చూపలేను.

పట్టా గాలి ఆడకుండా తాడుతో బిగించి కట్టేశాను. తప్పని తెలుసు. కానీ వాసన ఆగింది!

ఒక పూట.

నవంబరు 15

దాలమ్మ గారు గోడ మీంచి: "ఏటమ్మా ఈ కంపు? ఊరి కాలవ మీ పెరట్లోకొచ్చి కాపురం పెట్టినాదేటి?"

చచ్చాను అనుకున్నాను. అంతలో ఆవిడ చూపు బంతి మొక్కల మీద పడింది. "అబ్బో, ఏపుగున్నాయి! నాకూ ఓ బేసినుడు ఇద్దూ. కొత్తిమీర మడికేత్తాను. పచ్చడి నూరితే మీకూ పంపుతాను."

కొత్తిమీర! పచ్చిగా నూరే పచ్చడి! వద్దండీ అనాలి. "రేపు ఇస్తానండీ" అన్నాను.

ఎందుకన్నాను?

నవంబరు 17

రెండు రోజులుగా పెరటి తలుపు వేసుకుని కూర్చున్నాను, దాలమ్మ గారికి కనబడకుండా. ఇవాళ చాటుగా వెళ్లి మొక్కలకు ఎరువు వేసొచ్చాను, చేతికి క్యారీబ్యాగు కూడా లేదు. చెప్పులు మార్చలేదు, వాటితోనే వంటింట్లోకి వచ్చేశాను. నేలంతా ఫినాయిలుతో కడిగాను. అంటే పాటించినట్టే కదా?

కాదు. నాకూ తెలుసు.

నవంబరు 18

బియ్యం ఏరుతున్నాను. పెరట్లో మాటలు. తలుపు తీశాను.

అత్తయ్య పట్టా విప్పేశారు. "పట్టుకెళ్లు దాలమ్మా. పసుపునీళ్లు రోజూ పోసినాను, ఏటీ పరవాలేదు." దాలమ్మ గారు ఒక చేత్తో పునుగు తింటూ, రెండో చెయ్యి బస్తాలోకి పోనిస్తున్నారు. వట్టి చెయ్యి!

"ముట్టుకోకండి!"

ఎవరు అరిచారో నాకు క్షణం తెలియలేదు. ఎదురు క్వార్టరు కిటికీ తెరుచుకుంది. సైకిలు మీద వెళ్తున్నాయన కాలు కింద పెట్టాడు. నేనే!

ఆగలేదు అక్కా. తడిసిందని, తడిస్తే క్రిములు లేస్తాయని, కొత్తిమీరకు వేస్తే కడుపులోకి వెళ్తాయని, ఇక నీళ్లు పోయొద్దు అత్తయ్యా అని, అంతా ఒక్క ఊపున అన్నాను. చేట చేతిలోంచి జారి బియ్యమంతా నేలపాలు.

దాలమ్మ గారు పునుగు మింగారు. "ఓలమ్మ! ఈ గుంటకి నోరున్నాదా!"

అత్తయ్య చెంబు కింద పెట్టారు. కొడతారనుకున్నాను.

"ఈ ముక్క పౌర్ణమి నాడే ఏడిస్తే పోయేది కదే! చలిలో ఇన్నాళ్లు నాచేత చెంబులు మోయించినావు!"

తర్వాత సబ్బు తెచ్చి, దాలమ్మ గారి చెయ్యి తనే పట్టుకుని రుద్దారు.

నవంబరు 19

ఈయన బస్తా విప్పి మొహం తిప్పుకున్నారు. తర్వాత నెమ్మదిగా, "స్టోరులో దాదాకి చెప్పి మంచి బస్తాలు మార్చేస్తాను. సారుకి తెలీదు."

నిన్న తెరుచుకున్న నోరు ఇంకా మూతపడలేదు.

"వద్దండి. ముందుముందు ఇంటింటికీ ఇస్తారు. ఇంటింటా ఒక అత్తయ్య ఉంటుంది. ఇలా అవుతుందని సారుకు తెలియాలి కదా?"

ఆయన నా వైపు చూశారు. ఆ చూపు రాయను, సిగ్గు.

నవంబరు 22, శనివారం

పెద్దసారు వచ్చారు. బెంగాలీ ఆయన, ముక్కుకు రుమాలు. వచ్చీరాని హిందీలో చెప్పాను: పసుపునీళ్లు, ఊదుబత్తి, తాడు, చిరిగిన గ్లౌజు, నేను నోరు మూసుకోవడం. అత్తయ్య అడ్డం వచ్చి, "నీళ్లు పోసింది నేను, దాన్నేటనకండి," అని తెలుగులోనే దబాయించారు.

సారు రుమాలు తీసి నవ్వారు. "మేము నీళ్లు అంటే వాన అనుకున్నాం, బౌదీ. ఇది మా కాగితంలో లేదు." (బౌదీ అంటే వాళ్ల భాషలో వదిన.)

ఇంటింటికీ ఇవ్వడం ఇప్పుడే లేదు. కానీ పని మూయరు! తడిసిన బస్తాలు ప్లాంటు వాళ్లే పట్టుకెళ్లారు. ఒక్క కొత్త బస్తా, ఇంకో నెల గడువు. దాంతోపాటు ఒక షరతు: ముప్పయ్యో తేదీ ఆదివారం మా లైను ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి, ఎరువు ఎలా దాచాలో నేను చెప్పాలట. అందరి ముందు. నిలబడి!

నవంబరు 24, సోమవారం

కొత్త బస్తా, కొత్త గ్లౌజులు. ఇటుకలు కడిగి ఎండబెట్టాను. ఈసారి ఒక్కటీ తప్పను. దేవుడి మీద ఒట్టు! (మొదటి ఒట్టు లెక్కలోకి రాదు, అది కార్తీకంలోది, కార్తీకం వెళ్లిపోయింది.)

ఆదివారం మాటలు ఇప్పటినుంచే బంతి మొక్కలకు చెప్పి చూస్తున్నాను. వాటి ముందు కూడా నత్తి వస్తోంది.

అక్కా, ఈ కాగితాలు చదివి పొయ్యిలో వేసేయి. వీధి వినేలా అరిచానని అమ్మకు తెలిస్తే బెంగపడుతుంది. కాల్చడం మరిచిపోకు. నాకింకా అరవాల్సిన పని ఉంది.